కల్సుబాయి శిఖరం ఒక్క రోజులో: బారి ఊరి గైడ్, ఇంటి భోజనం మీద నా రివ్యూ

షిర్డీ వెళ్ళే మనవాళ్ళు దర్శనం అయ్యాక ఎక్కువగా శని శింగణాపూర్‌కో త్ర్యంబకేశ్వరానికో వెళ్ళి అట్నుంచి అటే రైలెక్కేస్తారు. కానీ షిర్డీ నుంచి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో మహారాష్ట్ర మొత్తానికీ ఎత్తయిన కొండ ఉందని చాలామందికి తెలీదు. పేరు కల్సుబాయి, ఎత్తు 1646 మీటర్లు, తాళ్ళు కట్టుకుని వేలాడే పని లేకుండా పొద్దున్నే మొదలెడితే మధ్యాహ్నానికల్లా ఎక్కి దిగిపోవచ్చు. ఈసారి నేను, అక్క, బావ షిర్డీ నుంచి అటే వెళ్ళాం. కొండ కింద బారి అనే ఊళ్ళో ఒక ఇంటివాళ్ళు ముందురోజు రాత్రి పడుకోడానికి చోటు, పొద్దున టీ, పోహా, కొండ మీదకి గైడు, దిగొచ్చాక భోజనం అన్నీ కలిపి చూసుకుంటారు. ఈ రివ్యూ ఆ సర్వీస్ గురించే, కాకపోతే దారి ఎలా ఉంటుందో చెప్పకుండా గైడ్ ఎంత పనికొచ్చాడో చెప్పలేను కాబట్టి దారి గురించి కూడా బాగానే రాస్తున్నా. నా రేటింగ్ ఐదుకి నాలుగున్నర, ఆ అర ఎందుకు తగ్గించానో కింద చెప్తా.

ముందు మా అక్క గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ సర్వీస్‌ని నేను కొలిచింది అక్కతోనే. నలభై దాటాయి, రోజంతా ఆఫీసులో కుర్చీలోనే ఉంటుంది, ట్రెక్కింగ్ అనే మాటతో ఎప్పుడూ సంబంధం లేదు, ఇప్పటిదాకా కాలినడకన ఎక్కింది ఒక్క తిరుమల కొండే. నాకూ బావకీ భువనగిరి గుట్ట, అనంతగిరి లాంటివి కాస్త అలవాటే, మేం ఎలాగోలా ఎక్కేస్తాం, అది పెద్ద విషయం కాదు. మొదటిసారి వచ్చిన మనిషిని భయపెట్టకుండా, తొందరపెట్టకుండా, "నావల్ల కాదు" అని మధ్యలో కూలబడిపోకుండా పైదాకా తీసుకెళ్ళి క్షేమంగా దించడమే గైడ్ పని అని నా ఉద్దేశం, ఆ పని ఈ ఇంటి అబ్బాయి చాలా చాలా బాగా చేశాడు.

తిరుమలతో పోలిక ఎందుకంటే మనవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. అలిపిరి నుంచి 3550 మెట్లు, మోకాళ్ళ పర్వతం దగ్గర అందరికీ ఎగశ్వాస వచ్చేస్తుంది కదా, అయినా ఎక్కేస్తాం. కల్సుబాయిలో బారి నుంచి శిఖరానికి ఎక్కాల్సిన ఎత్తు దాదాపు 850 నుంచి 900 మీటర్లు ఉంటుంది, అంటే అలిపిరి దారికంటే ఎక్కువే, నడక పైకి ఆరు కిలోమీటర్లకి అటూ ఇటూగా ఉంటుంది. తేడా ఎక్కడంటే ఇక్కడ పైకప్పు లేదు, చాలా భాగం సిమెంటు మెట్లు లేవు, మట్టి బాట, రాళ్ళు, మధ్యమధ్యలో ఇనుప నిచ్చెనలు. కాబట్టి అలిపిరి మెట్లు ఆగి ఆగి అయినా సరే ఎక్కగలిగినవాళ్ళు ఇది ఎక్కగలరు, అది అస్సలు కుదరనివాళ్ళు ముందు అక్కడే ప్రాక్టీస్ చేసి రండి. ఎత్తు వల్ల తలనొప్పి, వాంతులు లాంటివి వస్తాయేమోనని అక్క చాలా భయపడింది, ఆ ఆల్టిట్యూడ్ సిక్‌నెస్ మామూలుగా 2500 మీటర్లు దాటాక మొదలయ్యే గొడవ, ఇక్కడ దానికి భయం లేదు. ఇక్కడ ఇబ్బంది పెట్టేవి ఆయాసం, ఎండ, మోకాళ్ళు, అంతే.

ఎలా వెళ్ళాలంటే, షిర్డీ నుంచి సంగమ్‌నేర్, అకోలే, రాజూర్ మీదుగా కారులో మూడు గంటలు వేసుకోండి. షిర్డీ పని లేకపోతే నాసిక్ రోడ్‌లో దిగడం మంచిది, సికింద్రాబాద్, నిజామాబాద్ మీదుగా ముంబై వెళ్ళే దేవగిరి ఎక్స్‌ప్రెస్ అక్కడ ఆగుతుంది, అక్కణ్ణుంచి ఘోటి మీదుగా బారి రావచ్చు. ముంబై, ఠాణేలో ఉండే మనవాళ్ళు కసారా దాకా లోకల్‌లో వచ్చి అక్కడ జీపు మాట్లాడుకుంటారు. ఊరు అహ్మద్‌నగర్ జిల్లా, ఇప్పుడు పేరు అహిల్యానగర్ అని మార్చారు, అకోలే తాలూకా. కొండంతా కల్సుబాయి హరిశ్చంద్రగఢ్ అభయారణ్యంలోకి వస్తుంది, ఊరి దగ్గర మనిషికి కొద్దిపాటి ఎంట్రీ ఫీజు కట్టాం.

మేం చీకటి పడ్డాక చేరాం. ఇల్లు పెద్దదేం కాదు, ముందు వసారా, పక్కన ట్రెక్కింగ్ వాళ్ళ కోసమే వేసిన రేకుల షెడ్డు లాంటి గది, కింద చాపలు, పరుపులు, దుప్పట్లు ఇచ్చారు. దుప్పట్లు ఉతికినవే, నేను ముందు చూసేది అదే. కార్తీక మాసం కాబట్టి రాత్రి చలి బాగానే ఉంది, ఇంకో దుప్పటి అడిగితే ఏం విసుక్కోకుండా వాళ్ళు కప్పుకునేది తెచ్చిచ్చారు, మేం వద్దన్నా వినలేదు. ఇంటావిడ మరాఠీ తప్ప మాట్లాడదు, అక్కకి మరాఠీ ముక్క రాదు, అయినా ఇద్దరూ పొయ్యి దగ్గర కూర్చుని గంటసేపు ఏదో మాట్లాడుకుంటూనే ఉన్నారు. బాత్రూమ్ బయట ఉంది, శుభ్రంగానే ఉంది కానీ లైటు లేదు, రాత్రి ఫోన్ టార్చ్ పట్టుకుని వెళ్ళాలి, ఆడవాళ్ళకి ఇది ఇబ్బందే. ఆ మాట వాళ్ళకి చెప్పాం కూడా, వైరు లాగిస్తామన్నారు.

పొద్దున ఆరు కాకముందే బయల్దేరాం. గైడుగా వచ్చింది ఆ ఇంటి పెద్దబ్బాయి, పాతికేళ్ళుంటాయేమో. బయల్దేరేముందు అతను చేసిన మొదటి పని మా ముగ్గురి బ్యాగులూ చేత్తో ఎత్తి చూడటం. అక్క బ్యాగులో ఉన్న పెద్ద ఫ్లాస్కు, రెండో జత బట్టలు, ఇంకేవో డబ్బాలు తీయించి ఇంట్లో పెట్టించాడు, నీళ్ళు మాత్రం తలా రెండు లీటర్లకి తక్కువ ఒప్పుకోలేదు. తర్వాత బూట్ల లేసులు చూశాడు, అక్కవి విప్పి మడమ వెనక్కి ఆనించి మళ్ళీ గట్టిగా కట్టమన్నాడు, దిగేటప్పుడు వేళ్ళు ముందుకి గుద్దుకోకుండా. ఇవన్నీ చిన్న విషయాల్లా కనిపిస్తాయి కానీ మొదటిసారి వెళ్ళేవాళ్ళకి ఎవరో ఒకరు చెప్పాల్సినవి ఇవే.

ఊరు దాటగానే వరి చేలు, కోతలు జరుగుతున్నాయి, గట్ల మీద నడుచుకుంటూ ఒక వాగు దాటి కింద ఉన్న గుడి దగ్గరికి వచ్చాక అసలు ఎక్కుడు మొదలవుతుంది. అక్కడ అతను ఒకే ఒక్క రూల్ చెప్పాడు, మాలో ఎవరు నెమ్మదో వాళ్ళే ముందు నడవాలి, మిగతావాళ్ళు వాళ్ళని దాటకూడదు. అక్క ముందు, దాని వెనకే అతను, తర్వాత నేను, చివర్లో బావ. మామూలుగా ఏమవుతుందంటే గట్టివాళ్ళు ముందెళ్ళిపోయి ఎక్కడో బండ మీద కూర్చుని వెనకవాళ్ళ కోసం ఎదురుచూస్తారు, వెనకవాళ్ళు వగరుస్తూ వచ్చేసరికి వీళ్ళు రెస్ట్ అయిపోయి లేచి మళ్ళీ బయల్దేరతారు, అసలు రెస్ట్ కావాల్సినవాళ్ళకి రెస్టే ఉండదు. ఇతను ఆ పద్ధతి మొదట్లోనే కట్ చేసేశాడు. పైగా అక్కని నడిచినంతసేపూ మాట్లాడిస్తూనే ఉన్నాడు, పిల్లలేం చదువుతున్నారు, హైదరాబాద్‌లో చలి ఉంటుందా, మీ ఊళ్ళో వరి ఎప్పుడు కోస్తారు అని హిందీలో ఏదో ఒకటి. నేను కబుర్లనుకున్నా మొదట. తర్వాత గమనించాను, అక్క మాట మధ్యలో ఊపిరి కోసం ఆగిందంటే చాలు అతను వెంటనే "సావకాశ్ తాయీ, సావకాశ్" అనేవాడు, మెల్లగా అక్కా అని, అక్క అడుగు తగ్గించేది, మళ్ళీ ఒక వాక్యం పూర్తిగా చెప్పగలిగేదాకా అదే నడక. వాచీ లేదు, హార్ట్ రేట్ లేదు, ఏ యాప్ లేదు. ఆగినప్పుడు కూడా ఎక్కువసేపు కూర్చోనివ్వలేదు, నిలబడి రెండు నిమిషాలు, నీళ్ళు రెండు గుక్కలు, మళ్ళీ నడక, ఎక్కువసేపు కూర్చుంటే కాళ్ళు బిగుసుకుపోతాయని.

దారిలో అక్కడక్కడా ఊరివాళ్ళ చిన్న చిన్న కొట్లు ఉంటాయి, కర్రలు పాతి పైన టార్పాలిన్ కప్పినవి, నిమ్మకాయ షర్బత్, ఉప్పూకారం చల్లిన దోసకాయ ముక్కలు, టీ, మ్యాగీ. నిమ్మకాయ షర్బత్ మాత్రం వదలకండి, ఉప్పు వేసి ఇమ్మని అడగండి. ఆ నీళ్ళూ గ్యాసు బండా అన్నీ కింద నుంచి నెత్తిన పెట్టుకునో భుజాన వేసుకునో మోసుకొస్తారు, కాబట్టి కిందకంటే పది రూపాయలు ఎక్కువంటే బేరం ఆడకండి దయచేసి. కోతులు ఉన్నాయి, చేతిలో కవరు కనిపిస్తే లాక్కుంటాయి, తినేది ఏదైనా బ్యాగులో పెట్టేయండి.

రాయి గురించి ఒక మాట, ఇది మన హైదరాబాద్ వైపు నుంచి వెళ్ళేవాళ్ళకి ముఖ్యం. మన దగ్గర గుట్టలు ఎక్కువగా గ్రానైటు, గరుకుగా ఉంటుంది, ఎండలో మామూలు స్పోర్ట్స్ షూ వేసుకున్నా పట్టు దొరుకుతుంది. ఇక్కడి సహ్యాద్రి, అంటే పడమటి కనుమలు, అంతా నల్ల రాయి, దాదాపు 6.6 కోట్ల ఏళ్ళ కింద లావా పొర మీద పొర పారి గడ్డకట్టిన బసాల్ట్, అందుకే ఆ కొండలు దూరం నుంచి చూస్తే నిటారు గోడ, పైన చదును, మళ్ళీ గోడ, మళ్ళీ చదును అన్నట్టు అంచెలంచెలుగా కనిపిస్తాయి. ఎక్కేటప్పుడు కూడా అదే కాలికి తెలుస్తుంది, కాసేపు ప్రాణం తీసే ఎక్కుడు, తర్వాత కాస్త చదునుగా నడక, మళ్ళీ ఎక్కుడు. ఆ నిటారు గోడలు అడ్డొచ్చిన చోటే నిచ్చెనలు పెట్టారు. ఎండినప్పుడు ఈ రాయితో ఇబ్బంది లేదు, తడిస్తే మాత్రం సబ్బు రాసినట్టే, దాని మీద సన్నటి మట్టి ఉంటే ఇంకా ఘోరం. కాబట్టి అడుగున గాడులు లోతుగా ఉన్న రబ్బర్ సోల్ బూట్లు తప్పనిసరి, ఆఫీసుకీ జిమ్ముకీ వేసుకునే మెత్తటి బూట్లు వద్దు.

ఇప్పుడు నిచ్చెనల సంగతి, అందరూ అడిగేది ఇదే. మూడు నాలుగు చోట్ల వస్తాయి, ఇనుప మెట్లు, రెండు పక్కలా పట్టుకోడానికి కమ్మీలు, బండకి బిగించి ఉంటాయి. ఇంట్లో మేడ మీదకి వేసుకునే నిచ్చెనలా ఊగవు, గట్టిగానే ఉన్నాయి, కానీ బాగా నిటారు, కింద చూస్తే లోయ కనిపిస్తుంది. అక్క మొదటిది ఎక్కేసింది, అందులో పొడుగ్గా ఉండే నిచ్చెన మీద మాత్రం సగంలో ఆగిపోయింది. కిందకి చూసేసింది పాపం. రెండు చేతులతో కమ్మీ గట్టిగా వాటేసుకుని కళ్ళు మూసుకుంది, వేళ్ళు తెల్లగా పాలిపోయాయి. కింద నుంచి బావ "ఏం కాదే, ఎక్కు, ఎక్కు" అని మొదలెట్టాడు, గైడ్ వెనక్కి తిరిగి చేత్తోనే ఆపమన్నట్టు సైగ చేశాడు. అక్కకంటే రెండు మెట్లు కింద నిలబడి, తన రెండు చేతులూ అక్కకి రెండు పక్కలా కమ్మీల మీద పెట్టి, అంటే అక్క వెనక్కి తూలినా అతని మీదే పడేట్టు అన్నమాట, మెల్లగా చెప్పడం మొదలెట్టాడు. కళ్ళు తెరువు తాయీ, కింద వద్దు, పైన వద్దు, నీ ముక్కు ముందున్న మెట్టు చూడు, దాని మీద తుప్పు ఏ రంగులో ఉంది చెప్పు. అక్క చెప్పింది. ఇప్పుడు కుడి చెయ్యి ఒక్కటి తీసి పై మెట్టు పట్టుకో, మిగతా మూడూ కదపకు. పట్టుకుంది. ఇప్పుడు ఎడమ కాలు. అలా ఒక్కోసారి ఒక్కటే కదుపుతూ పైదాకా వెళ్ళిపోయారు. పైన చదును మీద కూర్చున్నాక అక్క అతని చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నేను ఈ సర్వీస్‌కి ఇచ్చే మార్కుల్లో సగం ఆ కొద్ది నిమిషాలకే.

దిగేటప్పుడు నిచ్చెన వైపు ముఖం పెట్టి వెనక్కి దిగాలి, మెట్లు దిగినట్టు ముందుకి చూస్తూ దిగకూడదు, ఇదీ అతనే నేర్పించాడు. చాలామంది ముందుకి చూస్తూ దిగడం కళ్ళారా చూశాం, వెనక బ్యాగు పై మెట్టుకి తగిలి మనిషిని ముందుకి తోసేస్తుంది.

చివరి నిచ్చెన ముందు కాస్త చదునుగా ఉండే చోట ఒక బావి ఉంది, అంత ఎత్తులో బావి ఏంటా అనిపిస్తుంది. అక్కడ కూర్చున్నప్పుడు అబ్బాయి కల్సుబాయి కథ చెప్పాడు. కల్సు అని కోలీ తెగకి చెందిన ఒక అమ్మాయి, అడవిలో తిరగడమంటే ఇష్టం, కొండకింద ఒక ఇంట్లో పనికి కుదిరిందట, కాకపోతే ఒక షరతు, అంట్లు తోమను, ఊడవను అని. కొన్నాళ్ళు బాగానే సాగింది, ఒకరోజు ఆ ఇంట్లోవాళ్ళు అంట్లు తోమమన్నారు, చెత్త ఎత్తమన్నారు. చెప్పిన పని చేసేసి ఆ వెంటనే కొండెక్కి వెళ్ళిపోయింది, మళ్ళీ కిందకి దిగలేదు, చివరిదాకా శిఖరం మీదే ఉండిపోయింది. ఇప్పుడు ఆ శిఖరం మీద గుడి ఆవిడదే. దసరా నవరాత్రుల్లో ఇక్కడ జాతర జరుగుతుంది, చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు చీరలు కట్టుకుని, చాలామంది చెప్పుల్లేకుండా ఈ నిచ్చెనలే ఎక్కి వస్తారట. అక్కకి ఈ కథ ఎంత నచ్చిందో చెప్పలేను, పైకెళ్ళాక గుళ్ళో చాలాసేపు కూర్చుంది.

శిఖరం మీద చోటు చిన్నదే, మధ్యలో చిన్న గుడి, చుట్టూ నడవడానికి కాస్త జాగా, గాలి మాత్రం మనిషిని తోసేసేలా ఉంటుంది, టోపీలు జాగ్రత్త. మేం వెళ్ళినప్పుడు ఆకాశం తేటగా ఉంది. ఒకవైపు భండార్‌దరా చెరువు నీళ్ళు మెరుస్తూ కనిపిస్తాయి, ప్రవరా నది మీద బ్రిటిష్ వాళ్ళు కట్టిన విల్సన్ డ్యామ్, 1926లో పూర్తయింది, దాని వెనక నిలిచిన నీళ్ళే అవి. పడమర వైపు అలంగ్, మదన్, కులంగ్ అని మూడు కోటలు పక్కపక్కనే గోడల్లా నిలబడి ఉంటాయి, సహ్యాద్రిలో బాగా కష్టమైన ట్రెక్ అంటే వాటి పేరే చెప్తారు. ఇంకోవైపు రతన్‌గఢ్. అబ్బాయి ఒక్కో కొండా వేలు పెట్టి చూపిస్తూ పేర్లు చెప్తుంటే బావ ఫోన్‌లో మ్యాప్ తీసి సరిచూసుకున్నాడు, ఒక్కటీ తప్పు లేదు. ఇది కూడా గైడ్ ఉంటేనే వచ్చే లాభం, లేకపోతే అన్నీ కొండలే, ఫోటో తీసుకుని దిగిపోవడమే.

ఇక నాకు బాగా బాధ, కోపం కలిగించిన విషయం. మేం వెళ్ళింది మామూలు పనిదినం కాబట్టి దారి ఖాళీగానే ఉంది, అయినా మేం దిగేటప్పటికి ఒక పెద్ద బ్యాచ్ ఎదురొచ్చింది. ఎవరో ఆర్గనైజర్లు సిటీ నుంచి బస్సులో తీసుకొచ్చిన గుంపు, పేరు ఇక్కడ రాయను, యాభై మంది దాకా ఉంటారు, వాళ్ళకి లీడర్ అని ఒక్కడే కనిపించాడు, అతనూ అందరికంటే ముందున్నాడు. వెనక ఎక్కడో ఒకమ్మాయి ఒక్కత్తే బండ మీద కూర్చుని ఏడుస్తోంది, నీళ్ళైపోయాయి, తన గ్రూప్ ఎంత ముందుందో తనకి తెలీదు. మా గైడ్ అబ్బాయి ఆగి నీళ్ళిచ్చి, నిమ్మకాయ కొట్టు దగ్గర కూర్చోబెట్టి, కొట్టామెకి అప్పజెప్పి, ముందున్న లీడర్‌కి చెప్పమని పైకెళ్ళే ఇంకో ఊరి గైడ్‌తో కబురు పంపాకే కదిలాడు. తను మా గైడు, మేం డబ్బులిచ్చింది మాకోసం, అయినా అతను అలా చేస్తుంటే మాకు గర్వంగా అనిపించింది. మనిషికి ఇంత అని తక్కువ రేటు చూసి ఇలాంటి పెద్ద బ్యాచ్‌ల్లో బుక్ చేసుకునేవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది ఒకటే, కట్టేముందు పదిమందికి ఒక గైడైనా ఉన్నాడా, అందరికంటే వెనక నడిచే మనిషి ఎవరు, ఈ రెండూ అడగండి, జవాబు సరిగ్గా రాకపోతే వదిలేయండి. అందులోనూ వర్షాకాలం శనాదివారాల్లో నిచ్చెనల దగ్గర పైకెళ్ళేవాళ్ళూ కిందకొచ్చేవాళ్ళూ కలిసి గంటల తరబడి లైన్ కడతారని ఊళ్ళో అందరూ చెప్పారు, తడి నిచ్చెన మీద వెనకాల జనం తోస్తుంటే మొదటిసారి వచ్చినవాళ్ళ పరిస్థితి ఊహించుకోండి. సెలవు పెట్టి అయినా సరే మధ్య వారంలోనే వెళ్ళండి.

దిగడం ఎక్కడం కంటే తేలిక అనుకోవద్దు. ఎక్కేటప్పుడు ఊపిరి పోతుంది, దిగేటప్పుడు మోకాళ్ళు పోతాయి. ఊరు ఇంకా అరగంట ఉందనగా అక్కకి పిక్క పట్టేసింది, రాయిలా గట్టిపడిపోయింది, నొప్పికి కళ్ళమ్మట నీళ్ళు. గైడ్ కూర్చోబెట్టి, కాలు చాపించి, బూటు ముందు భాగం పట్టుకుని వేళ్ళని మోకాలి వైపు నెమ్మదిగా వంచి అలాగే పట్టుకున్నాడు, వదలగానే ఓఆర్‌ఎస్ కలిపిన నీళ్ళు తాగించాడు, పది నిమిషాల్లో లేచి నడిచింది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మాత్రం మా దగ్గరదే, ఇక్కడే ఆ అర మార్కు తగ్గించాను. అంత బాగా పని తెలిసిన మనిషి దగ్గర ఫస్ట్ ఎయిడ్ డబ్బా లేదు, ఒక క్రేప్ బ్యాండేజ్, నొప్పి స్ప్రే, ఓఆర్‌ఎస్, బ్యాండ్ ఎయిడ్‌లు ఉంటే చాలు, పెద్ద ఖర్చు కాదు. మేం వచ్చేటప్పుడు మా దగ్గర మిగిలినవి అక్కడే ఇచ్చేసి వచ్చాం, కానీ అది వాళ్ళు ఎప్పుడూ పెట్టుకోవాల్సిందే. బాత్రూమ్ లైటు, ఇదీ, రెండే నేను చెప్పగలిగే లోపాలు.

భోజనం! కాళ్ళు కడుక్కుని వసారాలో కూర్చోగానే కట్టెల పొయ్యి మీద నుంచి వేడి వేడి భాకరీ, అంటే రొట్టె, పళ్ళెంలోకి వచ్చేసింది. అన్నం, పప్పు, బియ్యప్పిండితో చేసిన భాకరీ, పిఠ్లా, ఠేచా, ఉల్లిపాయ, ఊళ్ళోనే పండిన బియ్యం. పిఠ్లా అంటే మనం పూరీల్లోకి చేసుకునే బొంబాయి చట్నీకి దగ్గరి చుట్టం, శనగపిండి, ఆవాలు, వెల్లుల్లి, పచ్చిమిర్చి, కాకపోతే ఇంకా చిక్కగా, వెల్లుల్లి ఘాటుగా ఉంటుంది. ఠేచా అంటే పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి పెనం మీద కాల్చి, ఉప్పేసి కచ్చాపచ్చాగా నూరిన పచ్చడి. మన గుంటూరు కారం తిన్న నాలుకే అయినా నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, బావ మాత్రం రెండోసారి వేయించుకున్నాడు. ఇంటావిడ పిండి ముద్దని చేత్తోనే తడుతూ తిప్పుతూ చంద్రుడంత గుండ్రంగా చేసి పెనం మీద వేసి, పైన తడి చేత్తో నీళ్ళు రాసి, తిప్పి, చివర్లో నేరుగా నిప్పుల మీదికి జరిపేది, అది పొంగగానే మా పళ్ళెంలోకి. కావాల్సినంత పెట్టారు, ఇక చాలు అంటే నమ్మలేదు.

రేటు సంగతి, మా ముగ్గురికీ కలిపి గైడుకి వెయ్యి, రాత్రి పడకకి, భోజనాలకి విడివిడిగా ఇచ్చాం, మొత్తం కలిపినా షిర్డీలో ఒక మాదిరి హోటల్ గదికి అయ్యేంత కాలేదు. సీజన్‌ని బట్టి మారుతుంది కాబట్టి ముందే మాట్లాడుకోండి. గైడ్‌కి విడిగా కొంత చేతిలో పెట్టండి, అతను అడగడు. ఫోన్ సిగ్నల్ ఊళ్ళో వస్తూ పోతూ ఉంటుంది, యూపీఐ మీద ఆధారపడకుండా నోట్లు పెట్టుకెళ్ళండి, అందులోనూ వందలు, యాభైలు, కొండ మీద కొట్లవాళ్ళ దగ్గర చిల్లర దొరకదు.

ఎప్పుడు వెళ్ళాలంటే మొదటిసారి వాళ్ళకి అక్టోబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా బెస్ట్, రాయి పొడిగా ఉంటుంది, ఎండ తట్టుకోవచ్చు, దూరం కనిపిస్తుంది. సెప్టెంబర్‌లో కొండంతా పసుపుపచ్చ పూలు పూస్తాయి, సోన్‌కీ అంటారు, చాలా అందంగా ఉంటుందట, కానీ బాట ఇంకా తడిగా ఉంటుంది, కాస్త అలవాటున్నవాళ్ళు వెళ్ళొచ్చు. జూలై, ఆగస్టుల్లో ఇక్కడ కురిసే వానకి, మబ్బుకి పక్క మనిషి కనిపించడు, ఫోటోలు చూసి మోజుపడి మొదటి ట్రెక్కే అప్పుడు పెట్టుకోకండి. ఏప్రిల్, మేలో దారిలో నీడ ఉండదు, వడదెబ్బ తగులుతుంది. రాత్రి ఎక్కి పైన సూర్యోదయం చూసే ట్రెక్‌లు కూడా నడుస్తున్నాయి, నా మటుకు కొత్తవాళ్ళకి చీకట్లో ఆ నిచ్చెనలు వద్దు.

తీసుకెళ్ళాల్సినవి ఎక్కువేం లేవు, నీళ్ళు, ఓఆర్‌ఎస్, టోపీ, పైన గాలికి ఒక జాకెట్, ఖర్జూరాలో పల్లీ చిక్కీలో ఏవో రెండు, మోకాలు నొప్పి ఉన్నవాళ్ళు మోకాలికి తొడుక్కునే నీ-క్యాప్, చేతికర్ర బారి ఊళ్ళోనే దొరుకుతుంది, నిచ్చెన దగ్గర గైడ్‌కి ఇచ్చేయొచ్చు. కాలి గోళ్ళు ముందురోజే కత్తిరించుకోండి, దిగేటప్పుడు దాని విలువ తెలుస్తుంది. కొండ మీద టాయిలెట్ లేదు, కింద ఇంట్లోనే చూసుకుని బయల్దేరండి. ప్లాస్టిక్ సీసాలు, చిప్స్ కవర్లు అక్కడ పడేయకండి, మా గైడ్ అబ్బాయి దిగేటప్పుడు దారి పొడుగునా ఏరి ఒక గోనెసంచిలో వేసుకుంటూ వచ్చాడు, బావ చివరి గంట ఆ సంచి తన భుజానికి మార్చుకున్నాడు.

గుండె జబ్బు, బాగా ఎక్కువ బీపీ ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా వద్దు. పదేళ్ళు దాటిన, చలాకీగా ఉండే పిల్లలు ఎక్కేస్తారు, మాకు దారిలో ఇద్దరు ముగ్గురు కనిపించారు, నిచ్చెనల దగ్గర మాత్రం ప్రతి పిల్లకీ వెనక ఒక పెద్దమనిషి ఉండాలి.

ఆ ఇంటివాళ్ళ నంబర్ వాళ్ళని అడక్కుండా ఇక్కడ పెట్టడం బాగోదు కాబట్టి పెట్టట్లేదు. బారిలో ఇలా గైడు, భోజనం చూసుకునే ఇళ్ళు చాలానే ఉన్నాయి, సాయంత్రం వెలుగుండగానే ఊరు చేరి రెండు మూడు ఇళ్ళు చూసి మాట్లాడుకోండి, గైడ్ ఎవరో ఆ మనిషితోనే ముందు పది నిమిషాలు కూర్చోండి. మీలో అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ళు ఎవరని అతనే అడిగితే అక్కడే ఖాయం చేసుకోవచ్చు.